పైపుల ఫైలు బిల్డింగు ఫైలులోకి ఎట్ల పోతాదో నేర్పండి సార్



గ్రూపులో డిప్లొమా, బీటెక్ మెకానికల్, సివిల్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు "ఈత్రీడీ నేర్చుకోవాలా, రెవిట్ నేర్చుకోవాలా" అని అడుగుతా ఉన్నారు. గోనెగండ్ల చుట్టుపక్కల నుంచి హాస్టళ్లకు వచ్చి చదువుతున్న మేము అనేది ఏందంటే, ఆ రెండిటి మధ్య డేటా ఎట్ల పోతాదో నేర్చుకోవల్ల. కాలేజీలు అది నేర్పల్ల.

రిఫైనరీలో, మందుల ఫ్యాక్టరీలో పైపులు, వాల్వులు, ట్యాంకులు గీసేది ఈత్రీడీ లాంటి ప్లాంట్ సాఫ్ట్‌వేర్‌లో. గోడలు, స్లాబులు గీసేది రెవిట్ లాంటి బిమ్ సాఫ్ట్‌వేర్‌లో. ప్లాంట్ వైపు ప్రతి పైపుకూ లైన్ నంబరు, స్పెక్, సైజు ఉంటాయి. దాన్ని బిమ్‌లోకి పంపితే చాలాసార్లు ఆకారం మాత్రం వస్తాది, మిగతా వివరాలు దారిలోనే పోతాయి. ప్లాంట్ వాళ్లకు ఐఎస్ఓ 15926 అని ఒక ప్రమాణం, బిల్డింగు వాళ్లకు ఐఎఫ్‌సీ అని ఇంకొకటి. ఇంట్లో గోర్ బోలి, బడిలో తెలుగు, ఆదోని బజారులో కన్నడ వినే మనకు ఈ బాధ కొత్తగా చెప్పాలా!

ఉత్తరం దిక్కు కూడా తేడా వస్తాది. ప్లాంటుకు సౌకర్యంగా పెట్టుకున్న ఉత్తరం వేరే, అసలు ఉత్తరం వేరే. అది సరిచూడకుంటే పైపు ఒకచోట, గోడలో బొక్క ఇంకోచోట. కాంక్రీటు గట్టిపడినాక ఆ గోడను కొట్టేది డిజైనర్ కాదు, కూలీలు. సుగ్గికి పోయే ఊళ్ల పిల్లలం, ఆ పని ఎవరి మీద పడుతాదో మాకు తెలుసు.

ఈత్రీడీ చేసే అవీవా, స్మార్ట్ త్రీడీ చేసే కంపెనీ, రెండిటికీ హైదరాబాద్‌లో ఆఫీసులున్నాయి. కానీ ఆ సాఫ్ట్‌వేర్ లైసెన్సు మనం కొనలేం. అమీర్‌పేట కోర్సుకు ఇంట్లో అప్పు చేస్తారు. ఐఎఫ్‌సీ అట్ల కాదు. 2013లో ఐఎస్ఓ 16739గా వచ్చింది, ఎవరైనా వాడొచ్చు. ఫైలు మామూలు టెక్స్టే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాది. ఫ్రీక్యాడ్, బ్లెండర్‌లో వాడే బోన్సాయ్ రెండూ ఉచితం.

"కంపెనీలు సాఫ్ట్‌వేర్ పేరే అడుగుతాయి" అని సీనియర్ అన్నలు అంటారు. నిజమే, కాదనం. అయితే బటన్లు ఉద్యోగంలో చేరినాక కూడా వస్తాయి. ఫైలులో ఏం పోయిందో కనిపెట్టే కన్ను మాత్రం ఇప్పుడే అలవాటు కావల్ల. ల్యాబుల్లో లైసెన్సు లేదని ఊరికే కూర్చోబెట్టే బదులు వారానికి రెండు గంటలు ఇది చేయించొచ్చు కదా?

అంతవరకు మనమే మొదలుపెడదాం. ఫ్రీక్యాడ్‌లో ఒక గోడ, దాంట్లోంచి పోయే ఒక పైపు గీసి ఐఎఫ్‌సీగా సేవ్ చేయండి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి వెతకండి. పైపు 'పైప్ సెగ్మెంట్' అని ఉందా, 'బిల్డింగ్ ఎలిమెంట్ ప్రాక్సీ' అని ఉందా? ప్రాక్సీ అంటే అదేందో దానికి తెలియలేదని. ఏం వచ్చిందో కింద కామెంట్లో పెట్టండి, ల్యాప్‌టాప్ లేనోళ్లు పక్క రూము వాళ్లతో కూర్చొని చేయండి.