ఇంటి కంప్యూటరు చెడినపుడు

2025వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీన, వినాయక చవితినాడు, కామారెడ్డి మెదకు జిల్లాలలో కురిసిన కుంభవృష్టిని ఈ సంచిక చదువువారిలో మరచినవా రెవ్వరును ఉండరు. 1916లో ఆరంభమై 1922లో ముగిసిన మన పోచారపు ఆనకట్ట నిలుచునో నిలువదో యని దిగువ గ్రామముల జనులు రాత్రి యంతయు మేలుకొని యుండిరి. ఆనకట్ట నిలిచినది. మా ఇంటి కంప్యూటరు మాత్రము నిలువలేదు.

ఆ రెండు దినములును కరెంటు వచ్చుచు పోవుచు నుండి, తుదకు కుదురుకొనిన పిమ్మట మేము మీట నొక్కగా, పెట్టెలోనుండి గోడ గడియారపు సద్దువలె టిక్కు టిక్కుమని వినవచ్చెనే గాని తెరమీద ఒక్క యక్షరమును కానరాలేదు. ఆ సద్దు హార్డు డిస్కుది. అందులో పళ్లెములవంటి బిళ్లలు నిమిషమునకు 5400 మారులో 7200 మారులో తిరుగుచుండగా, వానిమీద వెండ్రుక మందముకంటెను తక్కువ యెత్తున ఒక సూది కదలాడుచు వ్రాయుచు చదువుచు నుండును. ఆ సూది తన చోటు కనుగొనలేక మరల మరల వెనుకకు పోవునపుడు ఆ సద్దు పుట్టును. మా పెట్టె 2014లో కొన్నది. పదునొకం డేండ్లు పని చేసిన వస్తువు చెడినదని దుఃఖించుటకు మాకు హక్కు లేదు. అది పోవుట కాదు, దానితో పోయినవి మమ్ము బాధించినవి.

ప్రశ్నపత్రములు పోయిన మరల వ్రాసికొనవచ్చును. పిల్లలను పోచారపు చెరువు గట్టునకు తీసికొనిపోయినప్పటి ఛాయాచిత్రములు పోయినవి. అవియు ఏ పూర్వ విద్యార్థియొద్దనైన దొరకవచ్చును. కాని 2020లో ప్రభువునందు నిద్రించిన మా తండ్రిగారు, అంతకు ముందటి సంవత్సరము మా వసారాలో కూర్చుండి పాడిన పది పన్నెండు కీర్తనలను మేము అందులో దాచితిమి; వేరొక చోట ఒక్క ప్రతియైనను ఉంచలేదు. బడిలో ఏటేట కంప్యూటరు పాఠము చెప్పుచు, ముఖ్యమైనవానికి రెండవ ప్రతి యుంచవలయునని నల్లబల్లమీద వ్రాసి పిల్లలచేత వ్రాయించినవారము మేమే. హైదరాబాదులో చెడిన డిస్కులనుండి ఫైళ్లను తీయు ఒక చోటికి పంపగా, వారడిగిన సొమ్ము మా నెల జీతములో సగమునకు పైబడెను. ఇచ్చితిమి. ప్రశ్నపత్రములు వచ్చినవి, పాటలు రాలేదు. పిమ్మట ఎల్లారెడ్డిలో నున్న మా చెల్లెలి ఫోనులో, అప్పుడెప్పుడో మేము పంపియుండిన రెండు పాటలు మాత్రము దొరకినవి. ఆ రెండే మాకు మిగిలినవి.

క్రొత్త పెట్టె కొనుటకై ఒక దుకాణమునకు పోతిమి. దుకాణదారుడు మర్యాదస్థుడే. ధర సంగతి తేలిన పిమ్మట, విండోసుతో వచ్చు పెట్టె యొకటి, ఏమియు లేక వచ్చు పెట్టె యొకటి మా యెదుట నుంచి, రెండవదానిమీద చేయివేసి యిట్లనెను: "సార్, ఇది తీసుకోండ్రి, పైసలు మిగుల్తయ్. ఐదు నూర్లియ్యుండ్రి, విండోసు నేనే ఏసిస్త. లైసెన్సు ఎవ్వలడుగుతరు?"

ఈ మాటకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఏలయన, 2014లో మేము కొనిన పెట్టెలోని విండోసు కూడ ఇట్టిదే. అప్పుడు మేము అడుగలేదు, అతడు చెప్పలేదు. ఆ దొంగ ప్రతిమీద కూర్చుండి పదునొకం డేండ్లు మేము పరీక్ష పత్రములు తయారు చేసి, వాని అడుగున "చూచి వ్రాయువారు శిక్షార్హులు" అని అచ్చు వేయించితిమి. పిల్లలలో నొకడైనను ఈ సంగతి నెరిగి మమ్మడిగి యుండిన, మే మేమి చెప్పియుందుము? తల్లిదండ్రులలో పలువురి యింట ఇదే జరుగుచున్నదని మేమెరుగుదుము గనుకనే దీనిని దాచక వ్రాయుచున్నాము.

చట్టము సంగతి తెలియనివారికై చెప్పుచున్నాము. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1994లో చేర్చిన 63-బి విభాగము ప్రకారము, దొంగ ప్రతియని తెలిసియుండి కంప్యూటరులో వాడుకొనువానికి 7 దినములకు తక్కువ గాకుండ 3 సంవత్సరముల వరకు ఖైదును, 50,000 మొదలు 2 లక్షల రూపాయల వరకు జరిమానాయు విధింపవచ్చును. వ్యాపారమునకు గాక సొంతమునకు వాడినచో న్యాయస్థానము ఖైదు మాని, 50,000 లోపు జరిమానాతో విడువవచ్చును. మన యిండ్లకు పోలీసులు వచ్చి పెట్టెలు తెరచి చూతురని మేము బెదరించుట లేదు. రారనియే మా యభిప్రాయము. ఎవ్వరును రానిచోట మన మేమి చేయుచున్నామో పిల్లలు చూచుచుందురు. అదియు గాక, దుకాణదారుడు వేయు ప్రతిలో విండోసుతోపాటు మరేమి చేరియున్నదో అతనికిని తెలియదు; తాళము పగులగొట్టుటకు వాడు చిన్న పనిముట్లలోనే వైరసులు దాగియుండుట కలదు.

అట్లయిన విండోసును సొమ్మిచ్చి కొనవచ్చును గదా? కొనవచ్చును. విడిగా కొనినచో పదివేల రూపాయల మాట. పెట్టెతో కలసి వచ్చినచో కొంత తగ్గును. ఆ సంస్థకు 2014లో అధిపతియైన సత్య నాదెళ్ల హైదరాబాదులో చదివినవాడనియు, 1998 నుండి ఆ నగరమున దానికి పెద్ద కార్యాలయ మున్నదనియు మనవారు గర్వముతో చెప్పుకొందురు. గర్వపడుట న్యాయమే గాని, బంధుత్వమును బట్టి సరకు కొనరాదు. 2015లో వచ్చిన విండోసు 10కి 2025 అక్టోబరు 14వ తేదీతో ఆ సంస్థ తన సంరక్షణను మానినది. ఇండ్లలో వాడుకొనువారికి మరి యొక్క యేడు మాత్రము, 2026 అక్టోబరు వరకు, గడువు పొడిగించినది. విండోసు 11 కావలయునన్న టి.పి.ఎం. 2.0 అను భద్రతా చిప్పు ఉండవలయును. ఇంటెలు ప్రాసెసరైనచో ఎనిమిదవ తరమునకు తక్కువది పనికిరాదు. అనగా 2017కు ముందు కొనిన పెట్టెలు, ఎంత చక్కగా నడచుచున్నను, ఆ ద్వారమున ప్రవేశింపలేవు. పని చేయు ఎద్దును కొమ్ము పొట్టిదని సంతలో కాదన్నట్లున్నది ఈ నియమము.

విండోసు కానిది వేరొకటి కలదని మన పిల్లలకు ఎవ్వరును చెప్పరు. ఐరోపా ఖండమున ఫిన్లాండు దేశములో, హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుచుండిన లినస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి, తన 21వ యేట, 1991లో, తన యింటి కంప్యూటరుకొరకు ఒక వ్యవస్థకు మూలమును వ్రాసి యందరికి ఉచితముగా నిచ్చెను. అంతకు 8 ఏండ్లు ముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ అనునతడు ఎవరైనను వాడుకొనుటకు, తెరచి చూచుటకు, మార్చుకొనుటకు, పొరుగువానికి పంచుటకు హక్కు గల వ్యవస్థను నిర్మింప బూనియుండెను. ఈ రెండును కలిసినదే నేడు లినక్సు అని వాడుకలో నున్నది. ఇందులో ప్రతి తీసి పంచుట నేరము గాదు సరిగదా, పంచుమని చెప్పియే యిచ్చుచున్నారు. ఉబుంటు, మింటు, డెబియన్ అనునవి దాని పలు రూపములు. మన దేశమున సి-డాక్ సంస్థ తయారు చేసిన బాస్ అను రూపమును కలదు. తెలుగులోనే పని చేయు రూపమును తెచ్చుటకు హైదరాబాదులో స్వేచ్ఛ అను సంఘమువారు పాటుపడిరి.

ఇది పట్టణములలో ఇంజనీర్లు వాడుకొనునది గాని బడి పిల్లలకు తగదని మా తోడి యుపాధ్యాయుడొకరు వాదించిరి. కేరళమును చూడుడని మా జవాబు. అక్కడి ప్రభుత్వము 2001 ప్రాంతమున పాఠశాలలకై ఆరంభించిన ఐ.టి. ఎట్ స్కూల్ పథకము, కొన్నేండ్లలోనే విండోసును విడిచి స్వేచ్ఛా వ్యవస్థకు మరలినది. పల్లెటూరి బడులలోని పిల్లలు దానిమీదనే నేర్చుకొని, దానిమీదనే పరీక్ష వ్రాసిరి. మలయాళపు పిల్లలకు చేతనైనది నాగిరెడ్డిపేట పిల్లలకు చేతగాదని మే మొప్పుకొనము.

అయినను దీనికి నష్టములు లేవని చెప్పినచో అబద్ధమాడినవార మగుదుము. లెక్కలు వ్రాయు వ్యాపారస్థులకు టాలీ విండోసుమీదనే సరిగా నడచును. తెలుగు అచ్చు పనివారు అలవాటుపడిన అను అక్షరములును అట్టివే. అట్టి పనితో కుటుంబము పోషించుకొనువారు విండోసునే, సొమ్ము చెల్లించి, తీసికొనవలయును. పొదుపు పేరిట జీవనాధారమును చెరచుకొనుట తెలివి గాదు. కాని ఉత్తరములు వ్రాయుట, మార్కుల పట్టికలు వేయుట, పాఠములు చూచుట, దరఖాస్తులు పంపుట వరకే పని గల యింటికి, అనగా మాయందు నూటికి తొంబదిమందికి, ఆ పదివేల ఖర్చెందుకు? ఆ సొమ్ముతో వేరొక డిస్కు కొని రెండవ ప్రతి యుంచుకొనినచో మావలె ఏడ్వవలసిన పని యుండదు.

మేము ఏమియు వేయని పెట్టెనే తీసికొంటిమి. ఐదు వందలు ఇయ్యలేదు. ఇందులో తిరుగు బిళ్లలు లేని ఎస్.ఎస్.డి. యుండుటచే సద్దే లేదు. తొమ్మిదవ తరగతి చదువుచున్న మా కుమార్తె పెన్ డ్రైవులోనికి మింటును దింపి, అరగంటలో ఎక్కించెను. ఆ యరగంటను చూచి గర్వపడితిమి గాని, మా పాత ప్రింటరును దానితో మాటలాడించుటకు రెండు సాయంకాలములు పట్టెను. రెండవనాడు మా యింటివారు "ఆ ఐదు నూర్లు ఇచ్చి వచ్చియుంటే పోయెడిది గదా" అనిరి. మేము జవాబు చెప్పక తీగ నూడదీసి మరల పెట్టితిమి.

పాత పెట్టె గల తల్లిదండ్రులు దానిని పాత యినుమువానికి వేయుటకు ముందు ఒక సాయంకాలము బడికి తీసికొనిరండు. నాలుగు జీ.బీ.ల జ్ఞాపకశక్తి యున్న చాలును. ముందుగా అందులోని ఫోటోలును పత్రములును రెండు చోట్ల దాచికొని రండు, ఒకటి మీ యింటికి వెలుపల. మా కుమార్తెయు ఆమె స్నేహితురాండ్రును వ్యవస్థను ఎక్కించి యిత్తురు, రుసుము లేదు. ప్రింటరు సంగతి మాత్రము మే మొప్పుకొనము.

ఈ వ్యాసమును ఆ క్రొత్త పెట్టెమీదనే, ఇన్‌స్క్రిప్టు మీటలతో కొట్టితిమి. ప్రెస్సువారు దీనిని తమ అక్షరములలోనికి మార్చుకొనునపుడు ఎన్ని వత్తులు జారిపోవునో తెలియదు. దోషములున్నచో చదువరులు సవరించుకొని చదువుకొందురు గాక.