బలానికి పాచిక, తెలివికి మనమేనా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని ఓ ఆటుంది. 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చారు. పాత్రకి బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ ఉంటాయి. మూడు పాచికలు వేసి ఒక్కోదానికి 3 నుంచి 18 దాకా అంకె ఇవ్వడం పాత పద్ధతి.

బలం 18 ఉన్నవాడు తలుపు బద్దలుకొడతానంటే, మనింటి తలుపు పగలగొట్టి చూపించమని ఎవరూ అడగరు. 20 ముఖాల పాచిక వేస్తే చాలు. అదే ఆకర్షణ 18 వాడు కాపలావాణ్ణి మాటల్లో పెడతానంటే మాత్రం "ఏదీ, ఏమంటావో అను" అంటాం!

నలుగురిలో నోరు విప్పని మిత్రుడొకడు కావాలనే మాటకారి పాత్ర తీసుకున్నాడు. ఆట నడిపేది నేను. వాడు తడబడ్డాడు. కాపలావాడు నమ్మలేదని తేల్చేశా, పాచిక కూడా వెయ్యనివ్వలేదు. అదే రోజు తెలివి 6 ఉన్న మొద్దు వీరుడు పొడుపుకథ ఠక్కున విప్పేస్తే అందరం చప్పట్లు. (ఆడేవాడు డీబగ్గింగులో దిట్ట లెండి.) పైవారం మిత్రుడొచ్చి "మాట్లాడే పనిలేని పాత్ర ఏదైనా ఉంటే ఇవ్వరా" అన్నాడు.

అన్నీ పాచికలకే వదిలేస్తే ఇక ఆడటమెందుకంటారు. నిజమే. అందుకే ఇప్పుడు ఒక్కటే అడుగుతున్నా: కాపలావాణ్ణి దేంతో ఒప్పిస్తావు, భయపెట్టా, డబ్బు చూపించా? అది చెప్తే చాలు, ఎంత బాగా చెప్పాడన్నది పాచిక చూసుకుంటుంది. పొడుపుకథలకే దారి దొరకలేదు. తెలివి 18 వాడికి ఓ క్లూ ఎక్కువిస్తున్నా గానీ, 6 వాడి నోరు ఎలా మూయించాలో...