బరాత్‌లో సౌండ్ పెంచే ముందు

పెళ్లి ఇంటివారికీ, డీజే బండి నడిపే అన్నలకూ, ఆ బండి ముందు తీన్మార్ వేసే తమ్ముళ్లకూ ఒక మనవి. మందు మానమని చెప్పడానికి రాయడం లేదు. ఆ మాట చెప్పేవాళ్లు మీ ఇళ్లలోనే బోలెడుమంది ఉన్నారు. నా గోల చెవుల గురించి.

మందు పడ్డాక చెవి కాసేపు మొద్దుబారుతుంది. లండన్‌లో 30 మంది ఆరోగ్యవంతులకు తాగకముందూ తాగాకా వినికిడి పరీక్షలు చేసి, 2007లో ఫలితాలు ప్రకటించారు. తాగాక చిన్న శబ్దాలు ఆనలేదు. దెబ్బ ఎక్కువగా తగిలింది తక్కువ ఫ్రీక్వెన్సీల మీద, అందులోనూ మాట పోల్చుకోవడానికి కీలకమైన 1000 హెర్ట్జ్ దగ్గర. మూడో రౌండు దాటిన చోట అందరూ అరుచుకుంటూ మాట్లాడేది, "ఏందిరా?" అని మళ్లీ మళ్లీ అడిగేది ఊరికే కాదు. మందు దిగితే ఈ మొద్దుతనం పోతుంది. భయమల్లా ఆ నడుమ గంటల గురించే.

మధ్యచెవిలో స్టేపీడియస్ అని అతి చిన్న కండరం ఒకటుంది. పెద్ద మోత రాగానే బిగుసుకుని, లోపలికి పోయే శబ్దాన్ని కొంత ఆపుతుంది. తాగి ఉంటే మరింత పెద్ద మోత వస్తేగానీ అది కదలదు. వినపడేది తగ్గింది, కాపలా కూడా తగ్గింది. సరిగ్గా అప్పుడే ఒకడు బండెక్కి "అన్నా, బేస్ సరిపోతలే, పెంచు" అంటాడు. వాడికి నిజంగానే సరిపోవడం లేదు పాపం! తాత చంకలో ఉన్న పసిపిల్ల ఏ మందూ తాగలేదు కదా.

85 డెసిబెల్స్ మోతను 8 గంటలు, 100 డెసిబెల్స్ అయితే 15 నిమిషాలు మించి వినకూడదన్నది అమెరికా వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. మన బరాత్ ఒక వీధి దాటడానికే అంతకంటే ఎక్కువసేపు పడుతుంది. అంత మోతకు లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు చస్తే మళ్లీ పుట్టవు.

కాబట్టి సౌండ్ మీట ఆ రాత్రికి తాగనివాళ్ల చేతిలోనే ఉంచండి. డీజే అన్నలూ, తాగినవాళ్లు పెంచమంటే "సరే" అని తలూపి ఊరుకోండి. ఆడేవాళ్లు స్పీకర్లకు ఎదురుగా కాకుండా దూరంగా జరగండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. తెల్లారాక చెవుల్లో గుయ్‌మంటూ మోత ఒకట్రెండు రోజులైనా తగ్గకపోతే, నూనె చుక్కలతో సరిపెట్టుకోకుండా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.