కొచ్చి వలయు, మన తెప్పయు

మా యూరి పేరు బుక్కరాయసముద్రము. పేరు విన్న క్రొత్తవారు సముద్రమెక్కడ యని యడుగుదురు. ఇక్కడి సముద్రము చెఱువే. విజయనగరపు మొదటి బుక్కరాయల కాలమున, 1364వ సంవత్సరమున, ఆయన దివాను చిక్కప్ప వొడెయరు దీనిని కట్టించెనని చెప్పుదురు. ముసలమ్మ ప్రాణమిచ్చిన కట్ట యిదియే. కట్టమంచి రామలింగారెడ్డిగారి కావ్యమువలన ఆ కథ తెలుగుదేశమంతటను తెలిసినది. ఏడాదికి అయిదారు వందల మిల్లీమీటర్ల వాన కురిసిన సంతోషించు పీఠభూమి మాది. ఇంత నీటిని ఒక్కచోట చూచిన మా పూర్వులకు సముద్రమని పిలువబుద్ధి పుట్టుట వింతకాదు. అసలు సముద్రము మాకు మూడువందల కిలోమీటర్లకు పైబడిన దారిలోనున్నది. అట్టి యూరినుండి సముద్రతీరమును గూర్చి వ్రాయుట సాహసమే యగును. అయినను ఈ నెల వ్రాయక తప్పలేదు.

కారణమిది. ఇటీవల కొచ్చికి పోయివచ్చిన యొక సోదరి అక్కడి చీనవలల చిత్రములు చూపి, "వింతలన్నియు కేరళముననే యున్నవి, మన తెలుగు తీరమున చూడదగిన కొయ్యపని యొక్కటియు లేదు" అని తీర్పు చెప్పినది. ఆ తీర్పులో మొదటి సగము నాకు సమ్మతమే. రెండవ సగము గూర్చియే నా వాదము.

కొచ్చి వలలు నిజముగా చూడదగినవి. ఉప్పుటేళ్లును సరస్సులును కలిసి సముద్రమున పడు ముఖద్వారముకడ, కోటకొచ్చి తీరమున, అవి వరుసగా నిలిచియుండును. ఒక్కొక్కటి సుమారు పదిమీటర్ల యెత్తు. ఒడ్డున నొక కొయ్యకట్టడము. దానినుండి నీటివైపునకు చాచిన పొడవైన టేకు దూలములు. వాని కొసనుండి నలుదిక్కులకు వంగిన కొమ్మలవంటి కఱ్ఱలు. ఆ కఱ్ఱలకు నాలుగు మూలలు కట్టిన పెద్దవల, ఇరువది మీటర్ల వెడల్పుగలది. వెనుకవైపున త్రాళ్లకు గుండ్రాళ్లు వ్రేలాడుచుండును. ఆ రాళ్లే యంత్రమునకు ప్రాణము. త్రాసును తలచుకొనుడు: ఒక తట్టలో వల, రెండవ తట్టలో రాళ్లు. తూకమెంత సరిగా నుండుననగా, ఒక మనిషి దూలముపై ముందునకు నడచిన చాలును, అతని బరువునకే వల నీటిలోనికి దిగును. కొన్ని నిమిషములు నీటిలో నుంచి, నలుగురైదుగురు కలిసి త్రాళ్లు లాగుదురు. త్రాళ్ల పొడవులు వేరువేరుగా నుండుటచే రాళ్లు ఒకదాని వెంట నొకటి అరుగుపై దిగుచు, వల లేచినకొలది తూకమును సరిచేయుచుండును. ఒక్కొక్క పర్యాయము దొరకు చేపలు స్వల్పమే. దినమంతయు దించుచు లేపుచు నుండవలసినదే.

వీనిని ఎవరు తెచ్చిరను విషయమున రెండు మాటలున్నవి. చీనా నౌకాధిపతి ఝెంగ్ హే 1405 మొదలు 1433 వఱకు సాగిన నౌకాయాత్రలలో మలబారునకు వచ్చెను గనుక ఆ చీనావారే నేర్పిరని కొందఱు. మకావునుండి పోర్చుగీసువారు తెచ్చిరని మఱికొందఱు. దక్షిణచీనాలోను, వియత్నాములోను ఇట్టి వలలు నేటికిని గలవు. ఇటలీ దేశపు తూర్పుతీరమున త్రబోక్కో యనుపేర ఇట్టివే వేఱొక రీతివి యున్నవి. రాతిగట్టునుండి సముద్రములోనికి కొయ్యవంతెన వేసి, దాని చివర అరుగు కట్టి, అక్కడనుండి వలను దించుదురు. గబ్రియేలె దన్నున్‌జియో యను ఇటలీ కవి 1894లో వెలువడిన తన నవలలో దీనిని వర్ణించుటచే అది ప్రసిద్ధికెక్కినది. ఇప్పుడు వానిలో పెక్కింటిని భోజనశాలలుగా మార్చినారు. కొయ్య నిలిచినది, చేపలపని చాలవఱకు పోయినది.

ఇక మన తీరమునకు వత్తము. ఇచ్ఛాపురము మొదలు తడ వఱకు సుమారు వేయి కిలోమీటర్ల పొడవున ఇట్టి వల యొక్కటియైన ఏల నిలువలేదు? మనవారికి చేతగాక కాదు. కొచ్చి వల నిలిచినది ముఖద్వారపు నెమ్మదినీటిలో. మన తీరము చాలవఱకు బాహాటమైన ఇసుకతిన్నె. అక్కడ కెరటము ఒడ్డునకు చేరకమునుపే విఱిగి, నురుగై, మఱల లేచి కొట్టును. అందుపైని తుపానులు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచి వేలకొలది ప్రాణములు గొన్న ఉప్పెన యెట్టిదో పెద్దలు మఱువలేదు. అట్టి యొడ్డున స్తంభము నాటి దూలము నిలిపినచో ఎన్ని నాళ్లుండును? కావున మనవారు నిలుచు కొయ్యను మాని, విడిపోవు కొయ్యను పట్టుకొనిరి. అదియే తెప్ప.

తెప్ప యనగా తేలికకొయ్య దుంగలను చెక్కి, చేర్చి, త్రాళ్లతో బిగించినది. పడవకువలె దానికి కడుపు లేదు. కడుపు లేదు గనుక నీరు నిండి మునుగుట లేదు. కెరటము పైని పడిన దుంగల సందులనుండి నీరు జాఱిపోవును. తలక్రిందైనను దానిని పట్టుకొని ఈదుచు మఱల నెక్కవచ్చును. విశాఖ, గంజాము తీరముల తెప్పకు ముందుమొన చక్కగా తీర్చి, నడుమ కొంచెము పల్లముగా చెక్కుదురు. చూచుటకు సగము పడవవలె నుండును. వేట ముగించి వచ్చిన వెంటనే జాలరులు త్రాళ్లు విప్పి దుంగలను విడదీసి ఇసుకపై నెండవేయుదురు. కొయ్య నీరు పీల్చి బరువెక్కినచో మఱునాడు తేలదు. కొచ్చి వల నూఱుమంది చూచుచుండగా నిలిచియుండును. మన తెప్ప వేటనుండి వచ్చినపు డెల్ల విడిపోయి, బయలుదేఱునపు డెల్ల మఱల పుట్టును. విడిపోయి పడియున్నపుడు చూచిన బాటసారికి అది వంటచెఱకువలె కనబడును. చిత్రము తీయువాడు దానికడ ఆగడు. మా సోదరి కన్నులకు మన తీరము శూన్యముగా తోచుటకు ఇదియే కారణమని నా తలంపు.

అమరకోశము చదివినవారికి ఉడుపము, ప్లవము, కోలము అను మాటలు జ్ఞాపకముండును. ఈ మూడును తెప్పకు పేరులే. కాళిదాసు రఘువంశపు మొదటనే తన యల్పబుద్ధితో సూర్యవంశమును వర్ణింపబూనుట ఉడుపముతో సాగరమును దాటగోరుటవంటిదని వినయముగా చెప్పుకొనెను. మా నాయనగారికడ ఆ సర్గము చదువుకొన్ననాడు నేనును అసంభవకార్యమునకు అంతకన్న మంచి ఉపమానము లేదనుకొంటిని. జాలరిపేటలవారు మాత్రము ఆ యుడుపముతోనే తెల్లవాఱకముందు కెరటములు దాటి, తీరము సన్నని గీఱగా కనబడు దూరమునకు పోయి, కొండల కొసలను ఒకదానితో నొకటి సరిచూచుకొని తమ చేపలచోటును గుర్తించి, మధ్యాహ్నమునకు తిరిగివచ్చుచుండిరి. మహాకవికి వినయమైనది వారికి దినచర్య.

తెప్పకు తోడుగా మన తీరమున మఱియొక కొయ్యపని గలదు. అది కుట్టుపడవ. తెల్లవారు దీనికి మసూలా యని పేరు పెట్టిరి. మన మచిలీపట్టణపు పేరే దానికి చేరినదని పలువురందురు. ఇందు ఇనుపమేకు ఒక్కటియు నుండదు. పలకల అంచులకు బెజ్జములు వేసి, సందున ఎండుగడ్డి యొత్తిపెట్టి, కొబ్బరిపీచు త్రాటితో కుట్టుదురు. రవికె కుట్టునపుడు కుట్టు మఱీ బిగువైనచో బట్ట చినుగునని మనకందఱకును తెలియును. ఇక్కడను అదే న్యాయము. మేకులు కొట్టిన గట్టిపడవ కెరటము దెబ్బకు పగులును. కుట్టినది వంగి, సాగి, దెబ్బను ఓర్చుకొని ఒడ్డునకు చేరును. సముద్రములోని అయస్కాంతశిలలు ఇనుమును లాగుకొనును గనుక పలకలను ఇనుముతో బంధింపరాదని భోజుని పేర ప్రసిద్ధమైన యుక్తికల్పతరువు చెప్పుచున్నది. అయస్కాంతముమాట యెట్లున్నను, కెరటముమాట నిజము. మదరాసున రేవు కట్టకపూర్వము ఓడలు దూరమున లంగరు వేయగా, దొరలును, దొరసానులును, పెట్టెలును, ఉత్తరములును ఈ కుట్టుపడవలలోనే ఒడ్డునకు వచ్చెడివి. విశాఖపట్టణమున రేవు తెఱచినది 1933లో. అంతవఱకు అక్కడను ఇదే పద్ధతి.

అలివివలకును ఇట్టి పడవయే సాయము. పడవ ఒడ్డునుండి బయలుదేఱి, అర్ధచంద్రాకారముగా వలను నీటిలో వదలుచు చుట్టి, మఱియొకచోట ఒడ్డునకు చేరును. ఇరుప్రక్కల త్రాళ్లను రెండు జట్లవారు ఇసుకపై నిలిచి లాగుచు, కొంచెము కొంచెముగా ఒకరికొకరు దగ్గఱకు జరుగుదురు. లాగుట గంటలకొలది పట్టును. లాగినవారందఱికిని పాలు గలదు. వల ఒడ్డున బడిన పిదప పని స్త్రీలది. చేపలను ఏఱుట, బేరము, గంప నెత్తికెత్తుకొని ఊళ్లు తిరుగుట, అమ్ముడుపోనిదానిని ఉప్పులో వేసి ఇసుకపై నెండబెట్టుట, ఇవన్నియు వారిచేతిలోనివి. చాలయిండ్లలో రొక్కము లెక్క చూచునది ఆమెయే. సముద్రముతో పోరునది మగవాడనియు, ఇల్లు చూచుకొనునది ఆడుదియనియు పుస్తకములలో వ్రాయుదురు గాని, ఒడ్డు లేక యీ పనిలో సగము లేదనియు, ఆ సగము స్త్రీలదనియు వ్రాసినవారు తక్కువ.

పూరీ క్షేత్రమునకు పోయి సముద్రస్నానము చేసిన సోదరీమణులు మొనదేఱిన టోపీలు ధరించి, చేయిపట్టి కెరటములలోనికి దింపు నోళియాలను చూచియుందురు. వారితో తెలుగున మాటాడి చూచితిరా? అక్కడి పెంఠకటా పేటలోనివారు పెక్కురు మన తీరమునుండి పోయి స్థిరపడిన తెలుగువారే. తెప్పను విప్పి కట్టు విద్యయు వారితో బోయినది. అది ఒడ్డున నాటిన కట్టడమైనచో వెంటపోగలదా?

ఇప్పటి సంగతి చెప్పవలెను. కొయ్యతెప్పలు నేటికిని అక్కడక్కడ గలవు గాని కొన్ని దశాబ్దములుగా ఫైబరుపడవలు వానిచోటు నాక్రమించుచున్నవి. 2004 డిసెంబరు 26వ తేదీ సునామీ పిమ్మట సహాయముగా పంచబడిన పడవలు చాలవఱకు ఫైబరువే. దీనిని నేను నిందింపను. మంచికొయ్య దొరకుట కష్టము, దాని వెల అధికము. ఫైబరుదానికి యంత్రము బిగించినచో దూరము పోయి త్వరగా రావచ్చును. గాలి మాఱిననాడు గుమ్మములో నిలిచి తూర్పువైపు చూచు తల్లికి, భార్యకు, కొయ్య అందముకన్న మనిషి వేళకు వచ్చుటయే ముఖ్యము. క్రొత్తదానిని గూడ పలుచోట్ల తెప్పయనియే పిలుచుచున్నారు. పేరు మిగిలినది, కట్టు మిగులునో లేదో.

నా దిగులు కొయ్యనుగూర్చి కంటె ఇసుకనుగూర్చి యెక్కువ. దుంగలు ఎండుటకు ఇసుక కావలెను. అలివివల లాగుటకు ఇసుక కావలెను. చేపలు ఎండుటకు, వలలు బాగుచేసికొనుటకు, పిల్లలు ఆ పని చూచి నేర్చుకొనుటకు గూడ నదియే చోటు. 1991లో భారతప్రభుత్వము తీరప్రాంతపు కట్టడములకు నియమములు విధించి, పోటునీటి గీతనుండి 500 మీటర్ల వఱకుగల నేలను ఆ నియమములక్రిందికి తెచ్చినది. తరువాత అవి పలుమాఱులు మార్పబడినవి. నియమ మెట్లున్నను, పట్టణములకడ తీరమనగా షికారుబాట, బల్లలు, విద్యుద్దీపములు అను తలంపు పెరుగుచున్నది. షికారునకు పోవువారిలో మనమును ఉన్నాము. అక్కడ ఎండుచేపల వాసనకు ముక్కు మూసికొనునదియు మనమే. కొచ్చి వలను చూచుటకు రైలెక్కి పోయి, మన జాలరిపేట యిసుకపై దుంగలున్నచో దారికడ్డమనుట న్యాయమా?

తెప్పను కాచగోరి దానిని గాజుపెట్టెలో నుంచినచో అది దుంగలకట్టయే. విప్పు చేతులు, కట్టు చేతులు ఉన్నచోటనే అది తెప్ప. ఆ చేతుల వెంట పోవుచున్నవి మాటలు గూడను. దుంగలలో నడిమిదానికొక పేరు, అంచుదానికొక పేరు. ముడికొక పేరు, గాలికొక పేరు, నీటి పోకకొక పేరు. విశాఖలో నొకటి, నెల్లూరిలో వేఱొకటి. మన నిఘంటువులు ఉడుపమును దాచినవిగాని యీ మాటలలో పెక్కింటిని ఎఱుగవు.

తీరపు జిల్లాలలో కాపురముండు సోదరీమణులు మీ గుమ్మమునకు చేపలగంపతో వచ్చు అమ్మను ఒక పూట కూర్చుండబెట్టి, చల్లనిమజ్జిగ యిచ్చి, ఆమె తండ్రి తెప్పకు ఏ కొయ్య వాడెనో, ఏ ముడి వేసెనో, ఏ గాలిని ఏమని పిలిచెనో అడిగి, ఆమె నోటి మాట నోటి మాటగానే వ్రాసి పత్రికకు పంపుడు. దిద్దకుడు. ఊరిపేరు తప్పక వ్రాయుడు. వచ్చినవానిని వచ్చినట్లే యీ పుటలో వరుసగా అచ్చువేయింతుము.