టిక్‌టాక్ పోయింది.. స్క్రోలింగ్ పోలేదు! యాప్‌ల పోటీలో ఖర్చవుతున్నది మన టైమే

నందిగామ బస్టాండ్‌లో విజయవాడ బస్సు కోసం నిలబడ్డప్పుడు ఒక్కసారి చుట్టూ చూడండి. కాలేజీ కుర్రాళ్లు, సంచులు పక్కన పెట్టుకుని కూర్చున్న పెద్దవాళ్లు.. ఎవరిని చూసినా చేతిలో ఫోన్, పైకి జరుపుతూనే ఉన్న బొటనవేలు. బహుశా మీరు కూడా ఇప్పుడు అదే పనిలో ఉండి ఈ వార్త దగ్గర ఆగి ఉంటారు. ఇంతకీ ఈ అలవాటు మన బలహీనతేనా? లేక కంపెనీల పోటీలోనే పుట్టిందా?

2020లో ఏం జరిగింది?

2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్ సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది. అప్పటికి మన దేశంలో టిక్‌టాక్‌కు దాదాపు 20 కోట్ల మంది యూజర్లు. "పీడ విరగడైంది" అనుకున్న తల్లిదండ్రులు చాలామందే. కానీ ఖాళీ అయిన కుర్చీ ఎక్కువ రోజులు ఖాళీగా లేదు. షేర్‌చాట్ సంస్థ 'మోజ్' తెచ్చింది. జులైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మొదలైంది. సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ పరీక్షలు మన దగ్గరే ప్రారంభించింది. యాప్ పేరు మారింది.. అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది.

పోటీ దేని కోసం?

సెంటర్‌లో ఎదురెదురుగా రెండు బట్టల షాపులుంటే కస్టమర్‌కు లాభం. రేటు తగ్గుతుంది, నాణ్యత పెరుగుతుంది. మరి సోషల్ మీడియాలో? అక్కడ రేటే లేదు, అంతా ఫ్రీ. కంపెనీకి డబ్బులొచ్చేది యాడ్స్ నుంచి. మనం ఎంతసేపు చూస్తే అన్ని యాడ్స్. అంటే పోటీ తక్కువ రేటు కోసం కాదు.. మనల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టడం కోసం!

అందుకే ఒక వీడియో అవ్వగానే ఇంకోటి దానంతటదే మొదలవుతుంది. పేజీకి చివర ఉండదు. ఈ అంతులేని స్క్రోల్‌ను 2006లో రూపొందించిన డిజైనర్ ఏజా రాస్కిన్, తర్వాత తాను చేసిన పనికి బాధపడుతున్నట్లు బహిరంగంగానే చెప్పారు. దీన్ని వైద్యపరంగా 'వ్యసనం' అనాలా వద్దా అన్నదానిపై నిపుణుల్లో చర్చ ఉంది. కానీ ఆపడం కష్టమయ్యేలా తయారు చేశారన్నది మాత్రం చూస్తూనే తెలుస్తుంది.

అమెరికా కోర్టు ఏం చెప్పింది?

ఇన్‌స్టాగ్రామ్‌ను 2012లో, వాట్సాప్‌ను 2014లో కొనేసి మెటా పోటీ లేకుండా చేసుకుందంటూ అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ కేసు వేసింది. 2025 నవంబర్ 18న తీర్పు మెటాకే అనుకూలంగా వచ్చింది. టిక్‌టాక్, యూట్యూబ్ గట్టి పోటీ ఇస్తున్నాయి కాబట్టి గుత్తాధిపత్యం రుజువు కాలేదన్నది దాని సారాంశం.

అందులో ఓ లెక్క ఆసక్తికరంగా ఉంది. అమెరికన్లు ఫేస్‌బుక్‌లో గడిపే టైమ్‌లో ఫ్రెండ్స్ పోస్టులు చూసేది 17 శాతమే. ఇన్‌స్టాలో అయితే 7 శాతమే! మిగతాదంతా ఎక్కువగా ముక్కూ మొహం తెలియనివాళ్ల వీడియోలే. పోటీ ఉన్న మాట నిజమే. కానీ ఆ పోటీ వల్ల యాప్‌లన్నీ ఒకేలా తయారయ్యాయి.

నచ్చకపోతే వదిలేయొచ్చుగా?

ఇదే అసలు చిక్కు. 2021 వాట్సాప్ ప్రైవసీ పాలసీలో 'ఒప్పుకో, లేదా వెళ్లిపో' అన్న ధోరణి ఉందంటూ కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబర్‌లో మెటాకు రూ.213.14 కోట్ల జరిమానా వేసింది. 2025 నవంబర్‌లో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను సమర్థించినా, డేటా పంచుకోవడంపై పెట్టిన ఐదేళ్ల నిషేధాన్ని కొట్టేసింది.

వెళ్లిపోదామన్నా ఎక్కడికి? 2025లో జోహో వారి 'అరట్టై' డౌన్‌లోడ్లలో ఒక్కసారిగా పైకొచ్చింది. కానీ స్కూల్ గ్రూపు, షాపు ఆర్డర్లు, చుట్టాల గ్రూపు అన్నీ వాట్సాప్‌లోనే ఉంటే ఒక్కరే వెళ్లి ఏం చేస్తారు? ఏపీ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో ప్రారంభించిన 'మన మిత్ర' కూడా వాట్సాప్ మీదే నడుస్తోంది. ఇంటర్ హాల్ టికెట్లు కూడా అందులో ఇచ్చారు. జనానికి సౌకర్యమే, కాదనలేం. కానీ పిల్లల చేతిలోంచి ఫోన్ లాక్కునే ముందు ఈ సంగతీ గుర్తుపెట్టుకోవాలి.

వయసు నిషేధం చాలా?

16 ఏళ్లలోపు వారికి ఖాతాలు వద్దంటూ ఆస్ట్రేలియా చట్టం 2025 డిసెంబర్ 10న అమల్లోకి వచ్చింది. జరిమానా పిల్లలకో తల్లిదండ్రులకో కాదు, కంపెనీలకే. 2026 జనవరిలో దావోస్‌లో మంత్రి నారా లోకేశ్ ఏపీలోనూ అలాంటి ఆలోచన ఉందన్నారు. మంచి చర్చే. అయితే 16 దాటిన మర్నాడు అదే పిల్లాడు అదే అంతులేని స్క్రోల్‌లోకి అడుగుపెడతాడు. ఇంట్లో పెద్దవాళ్ల సంగతి సరే సరి.

అందుకే వయసుతో పాటు తయారీ మీదా రూల్స్ కావాలి. ఆటోప్లే మొదటి నుంచీ ఆఫ్‌లో ఉండాలి. రాత్రిపూట నోటిఫికేషన్లు ఆగాలి. మన కాంటాక్టులు పోకుండా వేరే యాప్‌కు మారే వీలుండాలి. అప్పుడే కంపెనీలు మన టైమ్ కోసం కాకుండా మన నమ్మకం కోసం పోటీపడతాయి.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది..

* సెట్టింగ్స్‌లో కాల్స్, మెసేజ్‌లు తప్ప మిగతా నోటిఫికేషన్లు ఆపేయండి.
* యూట్యూబ్, ఇన్‌స్టాలో రోజువారీ టైమ్ రిమైండర్ పెట్టుకోండి.
* పడుకునేటప్పుడు ఫోన్ మంచం దగ్గర వద్దు. పిల్లలకు చెప్పే ముందు మనమే మొదలుపెడదాం.

నిషేధం యాప్‌ను తీసేయగలదు. టిక్‌టాక్ పోయాక ఏం జరిగిందో మన నందిగామ బస్టాండే సాక్ష్యం.