ఆ 9.5 శాతం మాటేమిటి?

ఫ్రెంచ్‌లో వంట నేర్పే రికార్డో లారివే పేరు తెలియని ఇల్లు కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే క్యూబెక్ రాష్ట్రంలో అరుదు. టీవీ కార్యక్రమం, పత్రిక, పుస్తకాలు, వంట సామగ్రి, కెఫేలు... ఇలా ఒక్క పేరు మీద ఇన్ని నిలబెట్టిన మనిషి ఆయన. అదే పేరు ఇంగ్లీషు మాట్లాడే టొరంటోలోనో కాల్గరీలోనో చెబితే ‘ఎవరాయన?’ అనేవారే ఎక్కువ. అందుకే ఆయన ఇంగ్లీషు ప్రేక్షకుల వైపు వచ్చినప్పుడల్లా ఒక ప్రాంతీయ తార జాతీయ స్థాయికి ఎదుగుతున్నాడన్న వ్యాఖ్యానం వినిపిస్తుంది. రుచికి భాష లేదని, ప్రతిభ ఉంటే హద్దులు వాటంతటవే చెరిగిపోతాయని కూడా అంటారు. ఈ వాదన మొత్తం తప్పు. హద్దు ఆయన ప్రతిభలో లేదు. పక్కవాడి భాష నేర్చుకోవడానికి మనసొప్పని మెజారిటీలో ఉంది.

దీనికి రుజువు కెనడా ప్రభుత్వ లెక్కల్లోనే దొరుకుతుంది. 2021 జనగణన ప్రకారం క్యూబెక్ బయట ఇంగ్లీషు, ఫ్రెంచ్ రెండూ మాట్లాడగలిగినవారు 9.5 శాతం. క్యూబెక్‌లో అలాంటివారు 46.4 శాతం. దానికి ఇరవై ఏళ్ల ముందు, 2001లో, ఈ అంకెలు వరుసగా 10.3, 40.8. ఒకవైపు పెరిగింది, మరోవైపు ఉన్నది కూడా తరిగింది. కెనడా రెండు భాషల దేశమని చెప్పుకొనేవారు ఈ 9.5ను పక్కనపెట్టి జాతీయ సగటు 18 శాతాన్ని ముందుకు తెస్తారు. 1961లో 12.2 శాతం ఉన్నది 18కి చేరింది చూడండి అంటారు. ఆ సగటును విడదీసి చూస్తే ఎవరి శ్రమ ఎవరి ఖాతాలో పడుతోందో తెలుస్తుంది. దాన్ని పైకి మోస్తున్నది క్యూబెక్ ప్రజలు.

రికార్డో కథను ఈ అంకె పక్కన పెట్టి చదవాలి. 2002లో ఫ్రెంచ్ ప్రసార సంస్థ రేడియో-కెనడా టీవీలో ఆయన కార్యక్రమం, ఆయన పేరుతో పత్రిక రెండూ మొదలయ్యాయి. భార్య బ్రిజిట్ కూటూతో కలిసి సంస్థను కట్టారు. 2012లో స్లో కుక్కర్ వంటల మీద తెచ్చిన పుస్తకం క్యూబెక్‌లో విపరీతంగా అమ్ముడుపోయింది. ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రం పిల్లలకు వేడిగా ఏం పెట్టాలా అని సతమతమయ్యే కుటుంబాలకు అది అక్కరకొచ్చింది. పండగ పూట చేసుకునే మాంసం పై టూర్తియేర్ గురించి గానీ, 1930ల మాంద్యం నాటి పేదల మిఠాయి పుదింగ్ షోమర్ గురించి గానీ ఆ ప్రేక్షకులకు ఆయన వివరించనక్కర్లేదు. అవి వాళ్ల అమ్మమ్మల వంటలు. ఈ నమ్మకమే ఆయన పెట్టుబడి.

ఇంగ్లీషు చానెల్ ఫుడ్ నెట్‌వర్క్ కెనడాలో ‘రికార్డో అండ్ ఫ్రెండ్స్’ చేసినప్పుడు ఆ పెట్టుబడి చెల్లలేదు. సొంత దేశంలోనే కొత్తవాడిలా మొదటి నుంచి పరిచయం చేసుకోవాల్సి వచ్చింది. పత్రికను ఇంగ్లీషులోనూ తెచ్చారు, అది ఫ్రెంచ్ పత్రికలా వేళ్లూనుకోలేదు. ఇది ఆయన వంట లోపమనో మార్కెటింగ్ లోపమనో తేల్చేవారు ఒక్కసారి 9.5 శాతం వైపు చూడాలి. ఏళ్ల తరబడి ఆయన్ను చూస్తూ అభిమానించే వీలు అవతలి జనంలో నూటికి తొంభై మందికి లేనే లేదు. భాష రాదు కదా!

ఇది రికార్డోతో మొదలైన సంగతీ కాదు. 1963లో కెనడా వంటల విజ్ఞాన సర్వస్వం వెలువరించిన మాంట్రియల్ రచయిత్రి జెహాన్ బెన్వా టీవీలో రెండు భాషల్లోనూ వంట నేర్పారు. అప్పుడూ వంతెన దాటింది ఫ్రెంచ్ వంటింటి మనిషే. అరవై ఏళ్లయినా దాటాల్సిన బాధ్యత అటే ఉంది.

ఇంగ్లీషువారు అసలు ప్రయత్నించలేదా అంటే, ప్రయత్నించారు. పిల్లలకు పాఠాలన్నీ ఫ్రెంచ్‌లోనే చెప్పే ఇమ్మర్షన్ తరగతి 1965లో ఇంగ్లీషు తల్లిదండ్రుల చొరవతోనే మొదలైంది. మొదలైన ఊరు మాంట్రియల్ పక్కనున్న సాన్ లాంబేర్. రికార్డో సంస్థ కేంద్రం ఉన్నదీ ఆ ఊళ్లోనే. ఆ పద్ధతి తర్వాత దేశమంతా పాకింది. 1969లో అధికార భాషల చట్టం కూడా వచ్చింది. ఇంత చేశాక కూడా మిగిలింది 9.5 శాతమే. మంచి ఉద్దేశాలను కాదనను. ఫలితాన్ని దాచడాన్నే తప్పుపడుతున్నాను.

1977లో క్యూబెక్ 101వ బిల్లు తెచ్చి చదువుకు, పనికి, వ్యాపారానికి ఫ్రెంచ్‌నే పునాది చేసినప్పుడు ఆ రాష్ట్రం ఒంటరిదైపోతుందని, వ్యాపారం చితికిపోతుందని హెచ్చరించినవాళ్లున్నారు. ఏమైంది? రెండు భాషలు వచ్చినవారు సగానికి దగ్గరపడ్డారు. ఆ ఫ్రెంచ్ సమాజంలోనే రికార్డో వంటి వ్యాపారం పుట్టి పెరిగింది. తలుపులు మూసుకున్నదని నిందపడ్డ రాష్ట్రం 46.4 దగ్గర ఉంటే, నింద వేసినవాళ్లు 9.5 దగ్గరే ఉన్నారు.

ఈ గొడవ తెలుగువారికెందుకని అనుకోకూడదు. తెలుగులో వంట చేసి చూపించేవారికీ, రాసేవారికీ, వ్యాపారం చేసేవారికీ ఇక్కడ నిత్యం అందే సలహా ఒక్కటే: తెలుగు చిన్న మార్కెట్, హిందీలోకో ఇంగ్లీషులోకో వెళ్లు. 2021 జనగణనలో క్యూబెక్ జనాభా 85 లక్షలు. 2011 లెక్కల ప్రకారమే మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8.11 కోట్లు, అంటే తొమ్మిది రెట్లకు పైగా. 85 లక్షల జనంలో ఒక వంటమనిషి ఇంత సంస్థను నిలబెట్టగలిగితే, 8 కోట్ల భాషను చిన్నదనడానికి నోరెలా వస్తుంది? కొరత జనంలో లేదు. మన పాఠకుల మీద, ప్రేక్షకుల మీద డబ్బు పెట్టడానికి వెనకాడే వ్యాపారుల్లో ఉంది. సొంత భాషలో గెలుపును గెలుపుగా ఒప్పుకోని మన న్యూనతలో ఉంది.

రికార్డో ఇంగ్లీషు ప్రేక్షకుల దగ్గరకు వెళ్లడంలో తప్పేమీ లేదు. ఎక్కువమందికి చేరాలన్న కోరిక ఏ వృత్తిలోనైనా న్యాయమే. అయితే దాన్ని పదోన్నతిగా చిత్రించడం ఆయన్ను నిలబెట్టిన లక్షల ఇళ్లను అవమానించడమే. ఆయన ఎదగాల్సినంత ఫ్రెంచ్‌లోనే ఎదిగారు. ఇక ఎదగాల్సింది ఆ 9.5 శాతం.