పోలిక వేరు, చుట్టరికం వేరు

ఒకే కళాశాలలో ఉర్దూ, తెలుగు చదువుకొనే మన మధ్య ఒక వాదం తరచుగా తలెత్తుతుంది: ఎవరి భాష ప్రాచీనం, ఏ భాష దేనికి తల్లి? ఈ వాదంలో ఆవేశమే గాని ఆధారం కనిపించదు. ఆధారమెట్టిదో తెలిపే శాస్త్రం మాత్రం ఉన్నది. లిపి లేని కాలంలో మాట్లాడిన మూల ఇండో-యూరోపియన్ భాషను, దాని సంతతి భాషల సాక్ష్యంతో పునర్నిర్మించే తులనాత్మక భాషాశాస్త్రమే అది.

ఉర్దూలో ఏడుకు 'సాత్' అనీ, వారానికి 'హఫ్తా' అనీ అంటారు. మొదటిది సంస్కృత 'సప్త' ప్రాకృతాల మీదుగా మారిన రూపం. రెండవది పారసీకం నుండి వచ్చినది. ఆ భాషలో 'హఫ్త్' అనగా ఏడు. ఒకే మూలపదం రెండు దారుల నడచి ఒకే భాషలో మరల కలిసికొన్నది. సంస్కృతంలో అచ్చుకు ముందు సకారమున్న చోట ఇరానీ భాషలలో హకారం రావడం నియమం. 'సింధు' శబ్దం 'హింద్' అయినది కూడా ఈ నియమం వల్లనే.

ఇందుకు విరుద్ధంగా, 'బద్నాం'లోని 'బద్', ఇంగ్లీషు 'బ్యాడ్' ధ్వనిలోనూ అర్థంలోనూ ఒక్కటే అనిపిస్తాయి. కాని వాటికి చుట్టరికం లేదు. అది కేవలం కాకతాళీయం. కనుక పోలిక సాక్ష్యం కాదు. నియమబద్ధమైన మార్పే సాక్ష్యం.

నామ విభక్తులు ఈ సాక్ష్యాన్ని మరింత బలపరుస్తాయి. తోడేలుకు ప్రథమలో సంస్కృతం 'వృకః', గ్రీకు 'లుకొస్', లిథువేనియన్ 'విల్కస్'. ద్వితీయలో సంస్కృతం 'వృకమ్', గ్రీకు 'లుకొన్'. గ్రీకులో పదాంత మకారం నకారమగుట నియమం. సంస్కృత విసర్గ పూర్వపు సకారమే. కనుక మూలభాషలో ప్రథమకు 'స్', ద్వితీయకు 'మ్' ప్రత్యయాలని నిర్ణయించారు. మాటలను ఎరువు తెచ్చుకొనుట సులభం. విభక్తి ప్రత్యయాలను ఎరువు తెచ్చుకొనుట అరుదు.

అట్లయితే సంస్కృతమే వీటన్నిటికీ తల్లియా? కాదు. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలకు బహుశా నశించిపోయిన ఒక ఉమ్మడి మూలముండవలెనని చెప్పినాడు. లాటిన్ 'క్వె'కు సంస్కృతంలో సమానమైనది 'చ'. మూలంలోని హ్రస్వ ఎకారానికి ముందున్న కవర్గ ధ్వని చకారమైనది. తరువాత ఆ ఎకారం అకారంలో లీనమైనది. తాను పోగొట్టుకొన్న అచ్చుకు సంస్కృతమే తన చకారంతో సాక్ష్యమిస్తున్నది.

1879 నాటి గ్రంథంలో ఇరువది యొక్కేండ్ల సొస్యూర్, ఏ భాషలోనూ హల్లుగా కనిపించని కొన్ని ధ్వనులు మూలభాషలో ఉండవలెనని కేవలం తర్కంతో ప్రతిపాదించినాడు. 1913లో ఆయన మరణించినాడు. 1915లో హ్రోజ్నీ హిట్టయిట్ భాష ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందినదని వెల్లడించినాడు. 1927లో కురిలోవిచ్, ఆ భాషలోని హకారం సొస్యూర్ ఊహించిన స్థానాలలో నిలిచి ఉన్నదని చూపినాడు. తర్కం ముందు నడచినది. మట్టిపలకలు తరువాత సాక్ష్యమిచ్చినవి.

మరి తెలుగు? 'సప్తాహం' మనం సంస్కృతం నుండి తెచ్చుకొన్నది. 'ఏడు' మన సొంతం, తమిళ కన్నడాలకు బంధువు. తెలుగు వేరొక కుటుంబానికి చెందినదని 1816లోనే ఎల్లిస్ నిరూపించినాడు. ఇదే తులనాత్మక పద్ధతితో భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1961లో తెలుగు ధాతువులపై గ్రంథం వెలువరించినారు. అనగా జన్మ రీత్యా సంస్కృతానికి దగ్గరి చుట్టం తెలుగు కాదు, ఉర్దూ! లిపిని బట్టి, మతాన్ని బట్టి భాషలకు బంధుత్వం కట్టేవారు ఈ సత్యాన్ని గమనించవలెను.

కళాశాల కమిటీవారికి నా మనవి ఒక్కటే. ఉభయ భాషా విభాగాల విద్యార్థులను వారానికొక గంట ఒకే గదిలో కూర్చుండబెట్టి ఈ శాస్త్రపు ప్రాథమిక సూత్రాలు బోధింపజేయండి. అందుకు పెద్ద వ్యయం అక్కరలేదు. నల్లబల్ల, కొన్ని నిఘంటువులు చాలును. నా భాష గొప్పదా, నీ భాష గొప్పదా అన్న కలహం ఆ గదిలో నిలువజాలదు. 'హఫ్తా'కూ 'సాత్'కూ గల బంధుత్వాన్ని కనుగొన్న విద్యార్థి, ఎదుటివాని భాషను పరాయిదిగా చూడలేడు.